మేట్రనమ్మ గేలపు కర్రకి తొమ్మిది రింగులు

ఉద్యోగానికి అర్జీ పెట్టుకునేటప్పుడు 'అనుభవం' అని ఒక గడి ఉంటుంది కదా. మీ వయసు పిల్లలు అందులో ఏవేవో గొప్ప మాటలు నింపుతుంటే చూస్తుంటాను. నేను నిజాయితీగా నింపాలంటే 'చేప, ఆరేళ్లు' అని రాయాలి. నవ్వితే నవ్వండి. జీతం తీసుకునే చేశాను ఆ పని. అంత అనుభవం ఉన్న చేప ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదని మా మేస్త్రీ పదిమందిలో చెప్పేవాడు కూడా.

తొంభైల చివర్లో మాట. బెంగళూరు దాటాక తమిళనాడు సరిహద్దులో ఉన్న అత్తిబెలెలో, చెక్‌పోస్టుకి కూతవేటు దూరంలో ఒక రేకుల షెడ్డు. అందులో గేలపు కర్రలు తయారుచేసేవాళ్లం. వెదురువి కావు. ఫైబరు కడ్డీలు ఎక్కడినుంచో కట్టలుగా వచ్చేవి. వాటికి పిడి బిగించి, రీలు కూర్చోడానికి చోటు అమర్చి, నైలాన్ తీగ పోవడానికి కడ్డీ పొడుగునా రింగులు కట్టి, వార్నిష్ పూసి ఇవ్వాలి. మొత్తం ఆరుగురం పనివాళ్లం.

మా ఆయనకి ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీ స్టోర్సులో పని దొరికితే ఒంగోలు పక్కనుంచి ఇటొచ్చి కాపురం పెట్టాం. చర్చిలో పాస్టరమ్మగారు, "అత్తిబెలెలో దారం చుట్టే పని ఉందంట, వెళ్తావా అమ్మాయ్?" అని అడిగితే, కుట్టుపని కాబోలనుకుని కత్తెర సంచిలో వేసుకుని మరీ వెళ్లాను. తీరా చూస్తే, ప్రతి రింగుకీ రెండు కాళ్లుంటాయి. ఆ కాళ్లని కడ్డీకి ఆనించి, వాటి మీద సన్నదారం పోగు పక్కన పోగు, మధ్యలో సందు లేకుండా చుట్టాలి. అదీ పని. కత్తెర పనికొచ్చింది లెండి, వారం రోజుల పాటు నేను చుట్టినవన్నీ కత్తిరించి పారేయడానికి.

మా మేస్త్రీ బెంగళూరు బళేపేటలో పుట్టి పెరిగినవాడు. వాళ్ల తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి వచ్చారంట. మాటలో సగం తెలుగు, సగం కన్నడం. ఆడా మగా తేడా లేకుండా అందరినీ 'అప్పా' అనేవాడు. పాతికేళ్లుగా రింగులు కట్టిన చేయి. ఆ గర్వం ఆయన నడకలోనే కనిపించేది.

నన్ను చేపని చేసింది ఆయనే. రింగులు సరైన దూరంలో ఉన్నాయో లేదో కర్ర గోడకి ఆనించి ఉన్నప్పుడు తెలీదు. వంగినప్పుడే తెలుస్తుంది. అంతకు ముందు కొసకి ఇటుకరాయి కట్టి చూసేవాళ్లంట. "రాయి ఉరకదప్పా, చేప ఉరుకుతాది. ఉరికేదే కావల్ల మనకి" అని ఆయన రాయి మాన్పించి మనిషిని పెట్టాడు. నడుముకి గోనెపట్టా, పట్టాకి ఇనప కడియం, కడియానికి తీగ. తీగకి అటు చివర కర్ర పట్టుకుని మేస్త్రీ, ఇటు చివర నేను. షెడ్డు ముందున్న ఖాళీ జాగాలో నేను ఉరకాలి, ఉన్నట్టుండి వెనక్కి తిరగాలి, గింజుకోవాలి. అంతమందిలో నన్నే ఎందుకు ఎంచారంటే, దాపరికం ఏముంది, నేను కాస్త ఒళ్లున్న మనిషిని.

మా ఓనరు చేపలంటే పడిచచ్చేవాడు. చేపలకే ఆయనంటే పడేది కాదు. బుద్ధెరిగినప్పటినుంచీ ప్రతి ఆదివారం ఏదో ఒక చెరువు గట్టున కూర్చునేవాడు. ఒక్కటంటే ఒక్కటి పట్టలేదు. అలాంటి మనిషి గేలపు కర్రల షెడ్డు నడపడం ఆయన తమ్ముడికి కంటగింపుగా ఉండేది. తమ్ముడికి కూడా ఆ షెడ్డులో వాటా ఉంది. నెలకోసారి వచ్చి ఒకటే పాట పాడేవాడు.

"అన్నా, ఇవీ రాడ్లే, కర్టెన్ రాడ్లూ రాడ్లే. వీటికీ రింగులే, వాటికీ రింగులే. ఈ బెంగళూరులో చేపలు ఎక్కువున్నాయా, కిటికీలు ఎక్కువున్నాయా? నువ్వే చెప్పు."

ఎలక్ట్రానిక్ సిటీ చుట్టూ రోజుకో అపార్ట్‌మెంటు లేస్తున్న కాలం. కర్టెన్ రాడ్లకైతే కోసే మిషను ఒకటి, ఇద్దరు మనుషులు చాలు. మిగతా నలుగురం ఇంటికి. ఆ నలుగురిలో మేస్త్రీ ఉంటాడు, నేను తప్పకుండా ఉంటాను. కర్టెన్లకి చేపలతో పనేముంది?

ఒకసారి ఆ తమ్ముడు కర్టెన్ల వ్యాపారిని ఎవరినో షెడ్డు చూపించడానికి తీసుకొస్తూ, శుభ్రంగా కనపడాలని ముందురోజు గోడలకి సున్నం వేయించాడు. పొద్దున్నే మేస్త్రీ లోపలికి వచ్చి, తూర్పు గోడ ముందు నిలబడి, తల మీద చేతులు పెట్టుకున్నాడు. ఏ పొడుగు కర్రకి ఎన్ని రింగులు, కొస నుంచి ఎంతెంత దూరంలో కట్టాలి అన్న పట్టిక మొత్తం ఆ గోడ మీద పెన్సిలుతో రాసి ఉండేది. ఇంకెక్కడా లేదు. పాతికేళ్ల విద్య పాల తెలుపులో కలిసిపోయింది.

"ఏం పర్వాలేదప్పా" అన్నాడు కాసేపటికి, కుర్చీలో కూర్చుని నీళ్లు తాగి. "అంతా నా తలకాయలో ఉండాది."

ఉంది. సగం ఉంది. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే మేట్రనమ్మ వచ్చింది. ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సులందరినీ గడగడలాడించి రిటైరైన మనిషి. కృష్ణా జిల్లా కాలవల పక్కన పెరిగింది. ఐదడుగులు కూడా ఉండదు. తెల్లచీర, కళ్లద్దాలు, చేతిలో గాజుగుడ్డలో చుట్టిన మూట. మూట విప్పితే అందులో పీపా లాంటి పాతకాలపు రీలు. ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోతూ ఈవిడకి ఇచ్చిపోయిందంట.

"దీనికి తగిన కర్ర కావాలి. పిడి నా చేతికి సరిపోవాలి, మగాళ్ల చేతులకి కాదు" అని మేస్త్రీ వైపు ఇలా చూసింది, ఆయన గోళ్లు శుభ్రంగా ఉన్నాయా లేదా అన్నట్టు. "వచ్చే నెల మా గేలాల క్లబ్బు పోటీ ఉంది. నలభై మంది మగాళ్లు, నేనొక్కదాన్ని. పోయినేడు నా వెదురు కర్ర చూసి, దుప్పట్లు ఆరేసుకోడానికా సిస్టర్ అన్నారు. వాళ్ల ప్రెసిడెంటు అన్నాడు. ఆయన కర్ర ఫారిన్‌ది."

ఓనరు కళ్లు మెరిశాయి. ఆవిడ వెళ్లగానే మమ్మల్నందరినీ కూర్చోబెట్టాడు. "నలభై మంది చూస్తారు. మన కర్రతో ఆవిడ మంచి చేప పట్టిందా, పదిమందైనా మన దగ్గరికి వస్తారు. రాకపోతే, దీపావళి తర్వాత తమ్ముడు చెప్పినట్టే. నేనిక కాదనలేను."

మేస్త్రీ రింగుల పెట్టె తీశాడు. అందులోంచి అన్నిటికన్నా పెద్దవీ, అన్నిటికన్నా తళతళలాడేవీ ఏరాడు. "క్లబ్బులో దూరంనుంచే కనపడల్లప్పా" అన్నాడు. కొసకి బరువైన రింగు వేస్తే కర్ర తల వేలాడేస్తుందని ఆయనే నాకు నేర్పాడు. ఆ మాట ఆయనకి గుర్తుచేసే ధైర్యం నాకు లేకపోయింది. కొస రింగు కాక, కర్ర పొడుగునా ఏడు రింగులకి పెన్సిలు గుర్తులు పెట్టాడు. నేను మెరూన్ దారంతో చుట్టాను, అంచులకి బంగారు రంగు పోగు. ఎంత బాగా కుదిరిందంటే చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర ఊరికే కాసేపు నిలబడ్డాను.

పరీక్ష రోజున మేట్రనమ్మ తనే వచ్చింది. కర్ర తనే పట్టుకుంటానంది.

"చేప ఎక్కడ?" అంది.

"నేనేనండి" అన్నాను, గోనెపట్టా కట్టుకుంటూ.

కళ్లద్దాల పైనుంచి తలనుంచి కాలిదాకా చూసింది. "మొదటిసారే పెద్దది పడిందే" అంది.

పరిగెత్తాను. రెండడుగులు వేశానో లేదో నడుముకి తెలిసిపోయింది. మామూలుగా ఆ లాగుడు ఉయ్యాల తాడులా నునుపుగా ఉంటుంది. ఇప్పుడు నూనె లేని గిలకలా గర్ గర్ మని, ఆగి ఆగి వస్తోంది. అప్పుడే ఆగి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. మేస్త్రీ కట్టిన రింగులకి చేప వంక పెట్టడం ఏమిటనుకున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పేదని అడిగితే ఇదే చెబుతాను. తెలిసీ నోరు మూసుకోవడం.

ఆ రోజు నీళ్ల ట్యాంకరు రావడంతో గేటు బార్లా తెరిచి ఉంది. మామూలుగా ఖాళీ జాగా చివరిదాకా ఉరికి వెనక్కి తిరుగుతాను. ఆ రోజు ఆ గర్ గర్‌కి భయపడి తిరగడం మరిచిపోయాను. తిన్నగా గేటు దాటి రోడ్డు మీద పడ్డాను. మేట్రనమ్మ కూడా వదల్లేదు. కర్ర పైకెత్తి పట్టుకుని, కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి నా వెనకే. ఆవిడ వెనక ఓనరు. ఓనరు వెనక మేస్త్రీ, "అప్పా నిల్లప్పా! నిల్లు!" అని అరుస్తూ. ఆగమంటున్నది నన్నో, ఆవిడనో తెలియలేదు.

చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. డ్రైవర్లకి గంటల తరబడి పనేం ఉండదు. ఒక తమిళాయన క్యాబిన్ లోంచి సగం బయటికి వచ్చి, "విడాదీంగమ్మా! విడాదీంగ!" అని, వదలొద్దంటూ మేట్రనమ్మని ఉషారు చేశాడు. తాడిపత్రి బండలు వేసుకొచ్చిన ఒక లారీ ఆయన మాత్రం నా పక్షం. "అక్కా! ఎడంపక్కకి ఉరుకు! ఆయమ్మ అద్దాలు జారిపోతాండాయి, నీకిదే అదను!" అన్నాడు. నాకు మంచి సలహాలాగే తోచింది. ఎడంపక్కకి తిరిగాను. ఈలలు, చప్పట్లు.

చెక్‌పోస్టు గేటు దగ్గర పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టాడు. నేను ఆగాను. మేట్రనమ్మ రీలు తిప్పి తీగ బిగించింది.

"ఏనమ్మా ఇదు?" అన్నాడు, ఏమిటిదంతా అని.

మేట్రనమ్మ ఆయాసపడుతూనే, ఆసుపత్రిలో పెద్ద డాక్టరుతో మాట్లాడినట్టు ఠీవిగా, "టెస్టింగ్" అంది.

"ఏం సరుకు?"

"మీను" అంది. కన్నడంలో చేపని అలాగే అంటారు.

"మీను ఎల్లి?"

ఎక్కడ అన్నదానికి ఆవిడ నావైపు గడ్డం ఊపింది. పోలీసాయన నన్ను చూశాడు. నా నడుముని చూశాడు. గోనెపట్టాని, కడియాన్ని, తీగని, తీగ వెంట వెనక్కి కర్ర కొసదాకా చూశాడు. ఆయన ఉద్యోగంలో ఎన్ని సరుకులు చూసి ఉంటాడో. ఒక్క క్షణం ఆలోచించి గేటు ఎత్తేశాడు.

తమిళనాడులోకి నాలుగడుగులు వేశానో లేదో, తీగ ఫట్‌మని తెగింది. ఎదురుగా హోసూరు నుంచి వచ్చిన పూల బండి బుట్టలు కిందికి దించి పెట్టి ఉన్నాయి. బోర్లా వెళ్లి బంతిపూల బుట్టలో పడ్డాను.

మేట్రనమ్మ పరిగెత్తుకొచ్చి ముందు నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది. నలభై ఏళ్ల అలవాటు. గడియారం చూస్తూ పూర్తిగా లెక్కపెట్టి, బాగానే ఉన్నానని తేల్చుకున్నాక అప్పుడు తిట్టింది. "దరిదాపుల్లోకొచ్చిన దాన్ని పోగొట్టుకున్నాను! పోటీ రోజున ఇలా తెగితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"కర్రలో దోషం లేదమ్మా" అన్నాడు మేస్త్రీ. "చేప సరిగ్గా ఉరకలేదు. రోడ్డు మీదికి ఎవరు పొమ్మనింది?"

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. జుట్టు నిండా బంతిరేకులు, మోచేతులు చెక్కుకుపోయాయి, దానికి తోడు ఈ నింద. తెగిన తీగ చివర చేత్తో పట్టుకుని చూశాను. తెగిన చోట తీగ మొత్తం పీచులు లేచి, గరుకుగా ఉంది. లేచి వెళ్లి ఆవిడ చేతిలో కర్ర తీసుకుని తడిమాను. మూడో రింగుకీ నాలుగో రింగుకీ నడుమ, కర్ర వీపు మీద, వార్నిష్ పోయి తెల్లటి గీత పడి ఉంది.

"ఇక్కడ రాసుకుంటోంది" అన్నాను. "మొదటినుంచీ రాసుకుంటూనే ఉంది. నా నడుముకి తెలుస్తానే ఉంది."

మీకు ఇక్కడ రెండు ముక్కలు పని సంగతి చెప్పాలి. మేం రోజూ కట్టే కర్రలకి రీలు కింద వేలాడుతుంది, రింగులూ కిందే ఉంటాయి. కర్ర ఎంత వంగినా తీగ కర్రకి దూరంగానే పోతుంది. వాటికి ఏడు రింగులు చాలు. మేట్రనమ్మ రీలు పిడి మీద కూర్చునే రకం. అప్పుడు రింగులు కర్ర వీపు మీద నిలబడతాయి. రింగుకీ రింగుకీ ఎడం ఎక్కువైతే, కర్ర వంగినప్పుడు తీగ అడ్డదారి తొక్కి వీపుకి ఒరుసుకుంటుంది. గోడమీద ఈ రకానికి వేరే లెక్క ఉండేది. మేస్త్రీ తలలో మిగిలింది మొదటి లెక్క ఒక్కటే.

నేను ఇంత విడమరిచి అప్పుడు చెప్పలేదు, చెప్పేంత తెలీదు కూడా. రింగులు ఇంకా దగ్గరగా పడాలి అన్నాను, అంతే. మేస్త్రీ మొహం నల్లబడింది. "పాతికేళ్లు చేసినాను ఈ పని. చేప వచ్చి నాకు చెప్పల్లా?"

అప్పుడు మేట్రనమ్మ కళ్లద్దాలు తుడుచుకుంటూ అంది, "డాక్టరుగారూ, నొప్పి ఎక్కడో రోగికే తెలుస్తుంది. చేప చెప్పేది వినండి."

డాక్టరుగారు షెడ్డుకి వచ్చి, పని నాకు వదిలేసి, బయట స్టూలేసుకుని అటు తిరిగి కూర్చున్నాడు.

చుట్టిన దారమంతా బ్లేడుతో కోసి తీసేశాను. మెరూన్, బంగారం, అన్నీ. ఈసారి చుట్టకుండా, ఎలక్ట్రీషియన్లు వాడే టేపు ముక్కలతో రింగులు ఊరికే అంటించాను. పిడిని బల్లకి బిగించి, కొస నుంచి నీళ్ల బకెట్టు వేలాడదీశాను. కర్ర వంగింది. తీగ ఎక్కడ ఆనుతోందో చూడటం, అక్కడికి రింగుని వేలెడు జరపడం, మళ్లీ చూడటం. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట ఆనేది. పెద్ద రింగులు పక్కన పడేసి చిన్నవి ఏరాను. ఎనిమిదైనా చాల్లేదు. తొమ్మిదితో కుదిరింది. కొస దగ్గర బెత్తెడు బెత్తెడు దూరంలో, పిడి వైపు వచ్చేకొద్దీ ఎడం పెరుగుతూ. రెండు రోజులు పట్టింది. రెండు రోజులూ మేస్త్రీ స్టూలు మీదే ఉన్నాడు. కాకపోతే రెండోరోజు ఆ స్టూలు కాస్త ఇటు తిరిగింది.

తొమ్మిది రింగులకీ దారం చుట్టేసి, ఆ సంతోషంలో కొస రింగుకి లక్క కరిగించి పోసి అంటించేశాను. అంటించాక చూస్తే తొమ్మిది రింగులూ పైకి చూస్తున్నాయి, కొసది ఒక్కటీ కిందికి చూస్తోంది. తిప్పుదామంటే రాదు. గట్టిగా తిప్పితే కొస పుటుక్కుమంటుంది. ఏడుపొచ్చేసింది.

మేస్త్రీ లేచి వచ్చాడు. కొవ్వొత్తి వెలిగించి, మంట తగలకుండా కొసని సెగకి చూపించి, రెండు వేళ్లతో మెల్లిగా తిప్పాడు. వెన్నలో తిరిగినట్టు తిరిగింది.

"నేనూ ఇట్లా అంటించినానప్పా, కొత్తలో" అన్నాడు నావైపు చూడకుండా. "మూడు కర్రలు విరిచినాక ఈ కొవ్వొత్తి తెలిసింది. నువ్వు ఒక్కటీ విరవలేదు." ఆ తర్వాత వార్నిష్ తనే పూశాడు. ఆరేదాకా కర్రని వేళ్ల మధ్య తిప్పుతూనే ఉండాలి, లేకపోతే ఒకవైపు జారి గడ్డకడుతుంది. మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా తిప్పుతూ కూర్చున్నాడు. నేను ముద్ద కలిపి నోటికి అందించాను. వద్దనలేదు.

పోటీ ఒక శనివారం, ఊరవతల చెరువు దగ్గర. క్లబ్బు మగాళ్లు గుడ్డ టోపీలు, జేబుల కోట్లు వేసుకుని వచ్చారు. ప్రెసిడెంటుగారు ఏదో కార్ఖానాలో పెద్ద ఇంజనీరుగా రిటైరైన పొడుగాటి మనిషి. తన ఫారిన్ కర్ర తోలుసంచిలోంచి తీస్తుంటే అందరూ చుట్టూ మూగారు. మేట్రనమ్మ ఆసుపత్రి స్టీలు స్టూలు తెచ్చుకుని కూర్చుంది. గేలానికి ఎరగా మేస్త్రీ ఇంట్లో చేయించి తెచ్చిన రాగి సంకటి ఉండ. అందులో వెల్లుల్లి దంచి కలిపించాడు.

ఓనరు, తమ్ముడు, మేస్త్రీ, నేను గట్టు మీద నిలబడ్డాం. మధ్యాహ్నమైనా ఏమీ లేదు. ప్రెసిడెంటుగారు రెండు చిన్నవి పట్టాడు. తమ్ముడు గడియారం చూసుకుంటూ, "అన్నా, పోదామా?" అంటున్నాడు. ఓనరు గట్టు మీదే చతికిలబడ్డాడు. చేపలు పడకుండా కూర్చోవడం ఆయనకి కొత్తేం కాదు.

అంతలో మేట్రనమ్మ లేచి నిలబడింది. స్టూలు వెనక్కి పడింది. కర్ర సగానికి వంగి కొస నీళ్లని తాకబోయింది. మేస్త్రీ గట్టు దిగి పరిగెత్తాడు. చేపని చూడలేదు ఆయన. ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కర్ర వీపుకి కన్ను ఆనించినంత దగ్గరగా పెట్టి, ఆవిడ ఎటు తిరిగితే అటు తిరుగుతూ అరుస్తున్నాడు.

"తగల్లేదప్పా! తగల్లేదు! నాలుగో రింగు కాడ వెంట్రుకవాసి సందు ఉండాది! తగల్లేదు!"

చుట్టూ ఉన్నవాళ్లు ఈయనకి పిచ్చెక్కిందనుకున్నారు. నేను గట్టు మీద నిలబడి, నా నడుము చుట్టూ చేతులు గట్టిగా బిగించుకున్నాను. లాగుడు నునుపుగా ఉందో లేదో నాకు ఇక్కడికే తెలుస్తున్నట్టు ఉంది.

అరగంట పోరాడి ఆవిడ చేపని ఒడ్డుకి తెచ్చింది. పెద్ద బొచ్చె చేప. మా ఓనరు పసిపిల్లాడిలా ఏడ్చాడు. క్లబ్బు సెక్రటరీ తక్కెడ పట్టుకుని వచ్చి, "అభినందనలు సిస్టర్. ఇలా ఇవ్వండి, తూకం వేసి నీళ్లలో వదిలేద్దాం" అన్నాడు.

మేట్రనమ్మ చేపని వెనక్కి లాక్కుంది. "వదిలేయడమేమిటి?"

"క్లబ్బు రూలు మేడం. పట్టిన చేపని వదిలేయాలి."

"వదిలేయడానికా నేను పొద్దున్నుంచి ఎండలో కూర్చుంది? చింతపండు నానబెట్టి వచ్చానయ్యా నేను!"

సెక్రటరీ ఏదో అనేలోపే చేప సంచిలో పడింది, సంచి ఆటోలో పడింది, ఆవిడ ఆటోలో పడింది. తూకం వేయనేలేదు. వెళ్తూ వెళ్తూ మావైపు తల బయటపెట్టి, "రేపు చర్చి అయ్యాక అందరూ భోజనానికి రండి" అని కేకేసింది.

వెళ్లాం. అన్నం వడ్డిస్తుండగా క్లబ్బు కమిటీ దిగింది. ప్రెసిడెంటు, సెక్రటరీ, ఇంకొకాయన. రూలు తప్పినందుకు ఆవిడ్ని పోటీ నుంచి తొలగించాలా వద్దా అని విచారణకి వచ్చారు. చేతిలో ఫైలు కూడా ఉంది.

"విచారణ తర్వాత. చేతులు కడుక్కోండి" అంది మేట్రనమ్మ. ఆ గొంతుకి ఎదురు చెప్పిన మనిషి ఆ ఆసుపత్రిలోనే లేడు, వీళ్లెంత? కడుక్కున్నారు. కూర్చున్నారు. పులుసు పడింది. కాసేపు ముళ్లు ఏరుకునే చప్పుడు తప్ప ఇంకేం లేదు. సెక్రటరీ రెండోసారి పెట్టించుకుంటూ, "తూకం వేసి ఉంటే మొదటి బహుమతే" అని నిట్టూర్చాడు. ప్రెసిడెంటుగారు తల ముక్క తింటున్నారు. అది పూర్తిగా అయ్యాక, వేళ్లు నాక్కుని తీర్పు చెప్పారు. "చేప లేకుండా తూకం లేదు. తూకం లేకుండా బహుమతి లేదు. సాక్ష్యం లేదు కాబట్టి తొలగించడానికీ లేదు." సాక్ష్యం ఏమైందో ఆయన విస్తట్లో అందరికీ కనిపిస్తూనే ఉంది.

ఆ ఏడాది బహుమతి ప్రెసిడెంటుగారి రెండు చిన్న చేపలకే వెళ్లింది. కానీ సోమవారం పొద్దున్నే షెడ్డు ముందు ఆయన కారు ఆగింది. తోలుసంచి భుజాన వేసుకుని లోపలికి వచ్చి, ఫారిన్ కర్ర తీసి బల్ల మీద పెట్టారు. ఓనరు తమ్ముడు కర్టెన్ల నమూనాలు పట్టుకుని మూలన నిలబడి చూస్తున్నాడు.

"నాది కూడా పైన కూర్చునే రీలే" అన్నారు ఆయన గొంతు తగ్గించి. "ఎన్నేళ్ల నుంచో పెద్దది పడితే తీగ తెగిపోతోంది. తీగ మంచిది కాదనుకుంటున్నాను. మొన్న మీ మేస్త్రీ చెరువు దగ్గర అరుస్తుంటే అప్పుడు అనుమానం వచ్చింది. రింగులన్నీ తీసేసి మళ్లీ కట్టాలి. సిస్టర్ కర్రకి కట్టింది ఎవరు?"

షెడ్డులో అందరం మేస్త్రీ వైపు చూశాం. నేను కూడా ఆయన వైపే చూశాను. ఆ పేరు ఆయన తీసుకుంటే నేను ఒక్క మాట కూడా అనకపోదును. నాకు పని నేర్పిన మనిషి.

"నేను కాదు సార్" అన్నాడు. "ఈయమ్మ. ఆ లెక్క నాకు పోయింది, ఈయమ్మకి దొరికింది."

అని బల్ల దగ్గర తను కూర్చునే కుర్చీ వెనక్కి లాగి, పక్కకి జరిగి నిలబడ్డాడు. కూర్చున్నాను. అంత ఖరీదైన కర్రని అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. మేస్త్రీ కొత్త బ్లేడు కాగితం విప్పి నా చేతిలో పెట్టాడు. మొదటి రింగు దారం కోశాను.